పొక్లెయిన్‌కి కట్టిన మొవ్వాకు

ఆ పొక్లెయిన్‌కి లేత కొబ్బరాకు కట్టింది మా ఆవిడే. కట్టమని అడిగింది మాత్రం కంపెనీవాళ్లే. ఈ రెండు మాటలూ కలిపి చెప్పకపోతే ఆ ఏడు పెద్దపాటు కాలంలో మా ఊళ్లో జరిగింది ఎవరికీ బోధపడదు.

తూర్పుగాలి సన్నగిల్లి సముద్రం మెత్తబడిన రోజులవి. ఆ రోజుల్లో మా కేయ్ దీవుల చుట్టూ నీళ్లు ఎంత దూరం వెనక్కి పోతాయంటే, పడవలు బురదలో పక్కకి ఒరిగి పడుకుంటాయి. ఆడవాళ్లు గంపలు పట్టుకుని సముద్రపు అడుగున నడుచుకుంటూ వెళ్లి గవ్వలూ, గుల్లలూ, గుంటల్లో చిక్కిన చేపలూ ఏరుకొస్తారు. దాన్నే పెద్దపాటు అంటాం. మా ఇళ్లలో కడుపు నిండా తినే కాలం అదే.

మా బావ తదేయుస్ ఆ రోజు పొద్దున్నే వచ్చాడు. అతను ఊరిపెద్ద, మా ఆవిడ అగపితకి స్వయానా అన్న. అగపిత పెరట్లో కర్రపెండలం తురుము గోనెలో మూటగట్టి, దాని మీద బండరాయి పెట్టి చేదునీళ్లు పిండుతోంది.

"బావా, గుడికి కప్పు పడిపోయిందనుకో!" అన్నాడు వస్తూనే.

"పడిపోవడానికి కప్పెక్కడుంది?" అన్నాను.

నిజంగానే లేదు. గుడంటే మా చర్చి. గోడలు కిటికీల ఎత్తుకి లేచి ఆగిపోయాయి. పీఠం మీద మాత్రం రేకులు. మిగతావాళ్లం ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ పూజ వినేవాళ్లం. కింద గచ్చు లేదు, ఇసుకే. కట్టుబడికి పెద్దని నేను. రోజూ జపమాల ముగించాక చివర్లో దేవుడితో ఒక మాట అనుకునేవాణ్ని: నీ ఇల్లు పూర్తయ్యేదాకా నన్ను తీసుకుపోకు తండ్రీ.

తదేయుస్ గుమ్మంలో కూర్చుని చెప్పుకొచ్చాడు. పట్నంలో పెద్ద ఓడరేవు కడుతున్నారు. దానికి ఇసుక కావాలి. మా రేవు చివర ఇసుక తీసుకుంటారు. బదులుగా గుడికి కప్పు, గచ్చు, గంట స్తంభం అన్నీ కంపెనీయే కట్టించి ఇస్తుంది.

"చివరంటే ఎక్కణ్ణించి ఎక్కడిదాకా అన్నయ్యా?" అంది అగపిత తలెత్తకుండా.

"చివరంటే చివరే."

"రేవుకి రెండు చివరలుంటాయి. ఈ చివర మొదలెడితే ఆ చివరిదాకా అంతా చివరే."

"బావా, దీంతో చిన్నప్పుడే నేను వేగలేకపోయాను. నువ్వెలా వేగుతున్నావో!"

"అంటగట్టింది నువ్వే కదా" అన్నాను.

తదేయుస్ నవ్వాడు. "ఇసుకదేముందే, ఇవాళ తీస్తే రేపు కెరటం మళ్లీ తెచ్చి పోస్తుంది."

అగపిత ఇంకో రాయి ఎత్తి గోనె మీద పడేసింది. చేదునీళ్లు జివ్వున చిమ్మాయి. "గుడి గోడలకి ఇంటికో గంప మోశాం. అంత తీస్తే పోస్తుంది. పంటు నిండా తీస్తే అదే కెరటం వచ్చి మన గుమ్మంలో కూర్చుంటుంది. అప్పుడు నాచు ఎక్కడ ఆరబెట్టుకోవాలి? నీ నెత్తి మీదా?"

మా ఊరి ఆడవాళ్లందరి బతుకూ ఆ నాచే. తాళ్లకి కట్టి నీళ్లలో పెంచి, ఆ ఇసుక మీద ఆరబెట్టి అమ్ముకుంటారు. అది నాకు తెలుసు. అయినా నా కళ్ల ముందు గంట స్తంభం నిలబడి ఉంది.

పంటు వచ్చింది. దాని మీంచి పసుపుపచ్చ పొక్లెయిన్ దిగి, ఇసుకలో రెండు లోతైన చాళ్లు తీసుకుంటూ రేవు మధ్యకి వచ్చి ఆగింది. కంపెనీ తరఫున విబోవో అనే మేనేజరు వచ్చాడు. జావా మనిషి. మర్యాదస్తుడు, చేతులు కట్టుకుని మాట్లాడేవాడు.

"రేపు ప్రారంభోత్సవం. మా వైపు ఏ శుభకార్యమైనా లేత కొబ్బరాకు తోరణాలు లేకుండా జరగదు. మీకేమో కొబ్బరిచెట్లకి కొదవ లేదు. బండికి కాస్త అందంగా ఆకు కట్టిపెట్టేవాళ్లెవరైనా ఉన్నారా అమ్మా?" అన్నాడు.

రేవు మీదున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తదేయుస్ దగ్గాడు. మాలో కొబ్బరి మొవ్వాకు చీల్చి దేనికైనా కట్టామంటే దాన్ని ముట్టుకోకూడదని అర్థం. హవేర్ అంటాం. కాయ ముదరాల్సిన చెట్టుకి, చేప పెరగాల్సిన చోట, తగువులో ఉన్న నేలకి కడతాం. కట్టిన ఇంటివాళ్లు తప్ప ఇంకెవరూ విప్పకూడదు. దీనికి తాళాలూ కాపలాలూ ఎప్పుడూ అక్కర్లేకపోయాయి. కానీ ఊరికి వచ్చిన అతిథిని పదిమందిలో తప్పుపట్టడం కూడా మాలో లేదు. అందుకని ఎవరూ ఏమీ చెప్పలేదు.

"నేను కడతాను సార్" అంది అగపిత.

"ఇంత మంచి మనసున్న ఊరు నేనెక్కడా చూడలేదు" అన్నాడు విబోవో.

మర్నాడు డప్పులు మోగాయి. ఫాదర్ యోకిమ్ వచ్చి మంత్రజలం చిలకరించారు. విబోవో రిబ్బను కత్తిరించాడు. అగపిత అప్పటికే పొక్లెయిన్ మెడకి మొవ్వాకు చుట్టి, చీల్చిన కొసలు కిందికి వేలాడేలా కట్టి, చేతులు కడుక్కుని ఆడవాళ్లలో కలిసిపోయింది. ఎండలో ఆ ఆకు బంగారంలా మెరిసింది.

"ఇక మొదలుపెట్టు" అన్నాడు విబోవో డ్రైవరుతో.

డ్రైవరు హాసిం. బే అవతల ముస్లింల ఊరివాడు. మా ఇంటిపేరే వాడిదీ. దేవుణ్ని పిలిచే తీరులో తేడా తప్ప మాకూ వాళ్లకీ తాత ఒక్కడే. వాడు బండి దగ్గరికి వెళ్లి, ఆకు వైపు చూసి, చెప్పులు విడిచి అలాగే నిలబడిపోయాడు.

"పెద్దనాన్నా, ఎవరు కట్టారిది?"

"మీ పెద్దమ్మ."

"ఏ కట్టు కట్టింది?"

నాకు తెలీదు. అందరూ అగపిత వైపు తిరిగారు.

"తోరణం కట్టమన్నారు, కట్టాను. నాకొచ్చిన కట్టు ఒకటే" అంది.

"చాలా బాగుందమ్మా. ఇప్పుడు విప్పేద్దాం" అన్నాడు విబోవో.

"కట్టమనే చెప్పారు సార్. విప్పమని బేరంలో లేదు."

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. విబోవో కూడా పాపం నవ్వాడు. నవ్వుతూనే ఆకు మీద చెయ్యి వేయబోయాడు. తదేయుస్ గబుక్కున అతని మణికట్టు పట్టుకున్నాడు. ఆ బండిని మా రేవుకి తెప్పించిన మనిషే.

"ఆగండి సార్."

"ఇదేంటి తదేయుస్? ఇది ఉత్త ఆకు!"

"ఆకే సార్. అందుకే ఆగమంటున్నాను."

డప్పులు వాయించేవాళ్లకి ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు. ఇంకాసేపు అలాగే వాయించారు.

బండి అక్కడే ఉండిపోయింది. పిల్లలు దాని నీడలో గవ్వలాట ఆడేవారు. దాన్ని తాకేవారు కాదు. ఒకనాడు తదేయుస్ బండి కింద బోర్లా పడుకుని వెతకడం చూశాను. ఇసుక దులుపుకుంటూ మా ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వక్క లేదు బావా! పొగాకూ లేదు! హవేర్ అయితే ఆకు కింద వక్కా పొగాకూ పెట్టి తాతల పేరు చెప్పాలి కదా. అదేదీ లేదంటే ఉత్త అలంకారమే. నువ్వు ఇంటి పెద్దవి. ఆదివారం గుళ్లో లేచి, మా ఆవిడ అలంకారానికే కట్టింది అని ఒక్క మాట అను. విప్పేస్తాం. క్రిస్మస్‌కి కప్పు కింద పూజ వింటాం."

"అది నిజమో కాదో నాకు తెలీదు."

"నీ పెళ్లామే కదయ్యా, అడుగు!"

అడిగాను. అగపిత పొయ్యి దగ్గర మట్టి అచ్చుల్లో పెండలం పిండి నింపి రొట్టెలు కాలుస్తోంది.

"అలంకారానికి కట్టావా, అడ్డానికి కట్టావా?"

"చూసినవాళ్లకి ఎలా కనిపిస్తే అలా."

"వాళ్ల సంగతి కాదు, నిన్ను అడుగుతున్నాను."

"నాకూ నిన్నే అడగాలనుంది" అంది. కాలిన రొట్టె ఒకటి నా చేతిలో పెట్టి, మళ్లీ అచ్చు నింపుకుంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నాకు అబద్ధం చెప్పి ఎరగదు. ఆ రోజు నిజం కూడా చెప్పలేదు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ని కాదు. ఫాదర్ చెప్పిన ఉపదేశాలు విని, వాటి ప్రకారం నడవాలని చూసేవాణ్ని. దేవుడి ఇంటి కోసం దేవుడు పోసిన ఇసుక ఇచ్చేయడం తప్పా? ఇసుకని కాపాడి ఆయన ఇంటిని మధ్యలో ఆపేయడం తప్పా? మోకరించి అడిగాను. జవాబేమీ వినపడలేదు. ఆయన కూడా మా ఆవిడలాగే, ఇది నువ్వు చెప్పాల్సిన మాటే అనుకుంటున్నాడేమో అనిపించింది.

ఆ వారంలోనే అన్నిటికంటే పెద్ద పాటు వచ్చింది. నీళ్లు కనుచూపు మేరకి పోయాయి. బే అడుగంతా బయటపడింది. ఆ ఒక్క రోజు మా ఊరివాళ్లూ అవతలి ఊరివాళ్లూ పడవ అక్కర్లేకుండా నడుచుకుంటూ వెళ్లి బే మధ్యలో కలుసుకుంటాం. ఆడవాళ్లు కొంగుల్లో రొట్టెలు తెచ్చి అటూ ఇటూ మార్చుకుంటారు. హాసిం కూడా పాంటు మోకాళ్ల దాకా మడిచి, గంప పట్టుకుని వచ్చాడు.

"ఏరా, బండి మానేసి గుల్లలేరుతున్నావా?" అంది అగపిత.

"నువ్వు కట్టిన ఆకు పుణ్యమా అని సెలవిచ్చారు పెద్దమ్మా. మా ఆవిడ తిడుతోంది."

"నన్నా, నిన్నా?"

"వంతులవారీగా."

అగపిత నవ్వుకుంటూ ముందుకి వెళ్లిపోయింది. హాసిం నా పక్కన నడిచాడు. గంప చంక మార్చుకున్నాడు. తర్వాత దక్షిణం వైపు దీవి చూపించాడు.

"పోయినేడు అక్కడ తవ్వింది నేనే పెద్దనాన్నా. ఇదే బండి. వాళ్లకీ ఇలాగే మసీదులో గచ్చు వేస్తామన్నారు."

"వేశారా?"

"మాట తప్పలేదు. చలవరాయి పరిచారు. చాలా బాగుంది." వాడు వంగి గుల్ల ఒకటి తీసి గంపలో వేశాడు. "పోటు రోజుల్లో నమాజుకి వంగితే నుదురు తడుస్తోంది."

నేను నిలబడిపోయాను. వాడు నా వైపు చూడలేదు. ఇంకో గుల్ల కోసం చేత్తో బురద కెలుకుతున్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. పుట్టినప్పట్నించీ చూస్తున్న ఊరే. అంత దూరం నుంచి ఇళ్లు ఆనలేదు. సన్నటి తెల్లని ఇసుక గీత ఒకటి కనిపించింది, ముగ్గు గీసినట్టు. దాని వెనక కొబ్బరి తలలు. గోరంత గుడి. గీత మధ్యలో పసుపుపచ్చ చుక్క.

"పదండి, పోటు తిరిగింది!" అని ఎవరో కేకేశారు.

ఇంటికి వచ్చాక కాళ్లు కడుక్కుని అగపిత దగ్గరికి వెళ్లాను.

"ఒక వక్క ఇవ్వు."

"నువ్వు నమలవుగా?"

"ఇవ్వు."

ఆవిడ నా మొహంలోకి చూడలేదు. నడుముకున్న సంచి విప్పి ఒక వక్క తీసింది. దాని పక్కన, నేను అడక్కుండానే, చిటికెడు పొగాకు కూడా పెట్టింది.

ఆదివారం పూజకి విబోవో కూడా వచ్చాడు. అతను మా మతం కాదు. అయినా తల వంచుకుని వెనక వరుసలో గోడ పక్కన మర్యాదగా నిలబడ్డాడు. పూజకి ముందు ఫాదర్ యోకిమ్ నన్ను పక్కకి పిలిచారు.

"గుడి కావాలి కదా కొర్నేలిస్?"

"కావాలి ఫాదర్."

"అలాంటప్పుడు ఏం చెబుతావు?"

"మీరైతే ఏం చెప్పేవారు ఫాదర్?"

ఆయన నేల వైపు చూశారు. నేలంటే ఇసుకే. "నా చిన్నప్పుడు మా అమ్మ ఆకు కట్టిన చెట్టు కింద రాలిన కాయ కూడా నేను ఏరేవాణ్ని కాదు" అన్నారు.

దివ్యప్రసాదం పంచాక తదేయుస్ నా వీపు మీద పొడిచాడు. లేచాను. నాకు మాట్లాడటం అలవాటు లేదు.

"మా ఆవిడ కట్టింది అలంకారమో అడ్డమో నాకు తెలీదు. తెలియని సంగతి మీద దేవుడి ముందు నిలబడి మాటివ్వలేను" అన్నాను. తదేయుస్ నిట్టూర్చడం వినపడింది. నేను జేబులోంచి వక్కా పొగాకూ తీసి అరచేతిలో పెట్టి చూపించాను. "ఇది మాత్రం ఏమిటో తెలుసు. ఇప్పుడు వెళ్లి దీన్ని ఆ ఆకు కింద పెడతాను. ఇది అడ్డమే."

వెనక నుంచి ఒక ముసలావిడ అందరికీ వినపడేలా "ఆమెన్" అంది. పిల్లలు నవ్వారు.

నేను పీఠానికి దణ్ణం పెట్టి బయటికి నడిచాను. నా వెనక కాళ్ల చప్పుడు లేదు. ఒక్కణ్ణే వెళ్తున్నానేమో అనుకున్నాను. అప్పుడు ఫాదర్ గొంతు వినపడింది.

"ముగింపు దీవెన మిగిలే ఉంది. రేవు మీద చెప్పుకుందాం పదండి."

బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆకు కొసల కింద ఇసుక తవ్వి, వక్కా పొగాకూ పెట్టాను. మా తాతల పేర్లు చెప్పాను. ఆ తర్వాత శిలువ గుర్తు వేసుకున్నాను. అవి రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

విబోవో మొహం ఎర్రబడింది. "మీ గుడి మీరే పోగొట్టుకున్నారు" అన్నాడు. కోపం కంటే దిగులే ఎక్కువుంది ఆ మాటలో.

"గుడి అక్కడే ఉంది సార్. కప్పే లేదు" అంది అగపిత.

అతను మర్నాడే పట్నం వెళ్లి, ఇంకో డ్రైవరునీ ఇద్దరు పోలీసుల్నీ వెంటబెట్టుకొచ్చాడు. పోలీసుల్లో ఒకడు మా దీవులవాడే. ఆకు చూడగానే టోపీ తీసి చంకలో పెట్టుకుని, చెట్టు నీడకి పోయి కూర్చున్నాడు. రెండోవాడు వాడి పక్కన చేరాడు. డ్రైవరు మాత్రం బయటి మనిషి, ఆకూ వక్కా ఎరగనివాడు. మెట్టు మీద కాలు పెట్టాడు.

అప్పటికే ఆడవాళ్లు పీటలూ తురుముకోరులూ తెచ్చుకుని బండి చుట్టూ కూర్చుని కర్రపెండలం తురుముతున్నారు. అరిచినవాళ్లు లేరు, జెండాలు పట్టినవాళ్లు లేరు. గరగరమని తురుముతున్న చప్పుడే.

"లేవండమ్మా, పనుంది" అన్నాడు డ్రైవరు.

"మాకూ పనే నాయనా. కనపట్లా?" అంది అగపిత.

డ్రైవరు రెండో మెట్టు ఎక్కాడు. ఆకు అతని భుజానికి తగలబోతోంది. అప్పటిదాకా దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ తదేయుస్ మెల్లగా నడిచి వచ్చాడు. చెల్లెలి పక్కన ఇసుకలో కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి తురుముకోరు లాక్కున్నాడు.

"బాబూ" అన్నాడు డ్రైవరుతో, "నేను ఈ ఊరిపెద్దని. ఈ బండిని ఇక్కడికి పిలిచింది నేనే. ఆకు దాటి ఇంకో మెట్టెక్కావంటే దీన్ని పంపించేసేవాణ్నీ నేనే అవుతాను. దిగు."

డ్రైవరు విబోవో వైపు చూశాడు. విబోవో సముద్రం వైపు చూశాడు. డ్రైవరు దిగిపోయాడు.

"అన్నయ్యా, వేళ్లు జాగ్రత్త. నీకు తురమడం రాదు" అంది అగపిత.

"నోర్ముయ్యవే" అన్నాడు తదేయుస్. తురుముతూనే ఉన్నాడు.

పడమటి గాలి మొదలయ్యే ముందు పంటు మళ్లీ వచ్చింది, ఈసారి ఖాళీ బండిని తీసుకుపోవడానికి. ఆకు అప్పటికి ఎండి గోధుమరంగుకి తిరిగింది. పంటు తలుపు ఇసుక మీదికి దిగాక, అగపితా నేనూ కలిసి దాన్ని విప్పాం. హాసిం చెప్పులు తొడుక్కుని బండెక్కాడు. బండి వచ్చిన చాళ్లలోనే వెనక్కి వెళ్లింది. తర్వాతి పోటుకి ఆ చాళ్లు కూడా పూడిపోయాయి.

ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని మళ్లీ అడిగాను. "ఇప్పుడైనా చెప్పు. ఏ ఉద్దేశంతో కట్టావు?"

"వక్కా పొగాకూ ఆ రోజు నా సంచిలోనే ఉన్నాయి" అంది. "పెడదామనే వంగాను. నువ్వు ఇంకా కట్టని గంట స్తంభం చోటు వైపు చూస్తూ కనిపించావు. ఆకు కట్టడానికి నా ఒక్క చెయ్యి చాలు. కానీ హవేర్ నిలిచేది కట్టిన ఇంటి పేరు మీద, ఆ ఇంట్లో నువ్వూ ఉన్నావు కదా. అందుకని అది నీకు వదిలేశాను."

ఎండిన ఆకుని ఆవిడ పారేయలేదు. మెలిపెట్టి కట్టుగా చుట్టి గంపకి పిడి చేసింది. మరుసటి ఆదివారం ఆ గంపతోనే ఇసుక మోశాం. తదేయుస్ కూడా మోశాడు. ప్రతి అడుగుకీ మూలుగుతూ, కానీ మోశాడు.

గుడి గోడలు ఇప్పుడు నా భుజాల ఎత్తుకి వచ్చాయి. గచ్చు ఇంకా పడలేదు. పూజ అయ్యాక లేస్తే మోకాళ్లకి ఇసుక అంటుకుని ఉంటుంది. దాన్ని దులుపుకోకుండానే ఇంటికి నడిచొస్తాను. జపమాల చివర్లో దేవుడితో అనే మాట కూడా కొంచెం మార్చాను. నీ ఇల్లు పూర్తయ్యేదాకా నన్ను తీసుకుపోకు అనే ఇప్పటికీ అడుగుతున్నాను. తొందర మాత్రం లేదు తండ్రీ అని కలుపుతున్నాను.